లంకెబిందెల లెక్క

పాత భూమి దస్తావేజు ఏదైనా తీసి చదవండి. హద్దులు, కొలతలు అయిపోయాక ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ అంటూ ఒక సంస్కృత సమాసం కనిపిస్తుంది. రాజులు అగ్రహారాలిచ్చి రాగిరేకుల మీద చెక్కించిన కాలం నుంచి వస్తున్న మాట అది. అష్టభోగాలతో ఇచ్చాం అంటే నేల మీద పండేదే కాకుండా నేల లోపల దాగినదీ మీదేనని అర్థం. రాజులు పోయారు, రాగిరేకులు మ్యూజియాల్లో చేరాయి, దస్తావేజు లేఖరి మాత్రం ఆ సమాసాన్ని వదల్లేదు. దాన్ని నమ్ముకుని సంతకం పెట్టినవాడు తన చేలో లంకెబిందెలు బయటపడితే అవి తనవేననుకోవడంలో వింత లేదు. 1878లో వచ్చిన నిక్షేపాల చట్టం ఇంకోలా చెబుతుంది. నేలలో దాగిన వస్తువు పది రూపాయల విలువ దాటిందంటే, దొరికినవాడు ముందు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. చెప్పకపోతే తన వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడవచ్చు. దస్తావేజులో ఉన్న మాట రైతుకు నోటికొచ్చు. చట్టంలో ఉన్న మాట ఎంతమందికి తెలుసు?

మన వార్తల్లో మెటల్ డిటెక్టర్ కనిపించేది రెండు చోట్ల. ఒకటి పెద్ద నాయకుల సభ ద్వారం దగ్గర. రెండోది గుప్తనిధుల ముఠాను పట్టుకున్నప్పుడు పోలీసులు బల్ల మీద పరిచిన సరంజామాలో, గడ్డపార, నిమ్మకాయలు, పసుపు కుంకుమల పక్కన. ఇంగ్లండులో వేలమందికి అదొక ఆదివారపు సరదా. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కోత కోసిన పొలాల్లో ఆ యంత్రాన్ని నేలకు ఆనించీ ఆనించనట్టు అటూ ఇటూ ఊపుతూ పొద్దుగూకేదాకా తిరుగుతారు. రైతును అడిగే పొలంలో అడుగుపెడతారు. తుప్పు మేకులు, గుండీలు, సీసపు తూటాలు ఏరుకుంటారు. ఎప్పుడో ఒకసారి రోమన్ నాణెం తగిలితే మురిసిపోతారు. ఒకే యంత్రం అక్కడ కాలక్షేపం, ఇక్కడ నేరసామగ్రి ఎందుకైంది? వాళ్లు నీతిమంతులు, మనవాళ్లు ఆశపోతులు అనేస్తే తేలిగ్గా తెమిలిపోతుంది గానీ, వాస్తవాలు అందుకు ఒప్పుకోవు. నా వాదన వేరు. దొరికిన వస్తువును తూకం వేసి లోహానికి మాత్రమే ధర కట్టే చోట మనిషి దాచుకుంటాడు. దొరికిన చోటుకు కూడా విలువ కట్టే చోట వచ్చి చెబుతాడు. కాబట్టి మన రెండు రాష్ట్రాలకు ఇప్పుడు కావలసింది డిటెక్టర్ సరదాకు అనుమతి ఇవ్వడం కాదు. చెప్పినవాడు చెడిపోడన్న ధైర్యం ఇచ్చే ఏర్పాటు.

ముందు యంత్రం సంగతి. దాని పళ్లెంలాంటి తలలో తీగచుట్ట ఉంటుంది. అందులో మారుతూ ఉండే విద్యుత్తు నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఆ దారిలో లోహం ఉంటే దానిలో సుడిప్రవాహాలు పుడతాయి, అవి తిరిగి పంపే చిన్న క్షేత్రాన్ని ఇంకో చుట్ట పసిగట్టి చెవిలో కూత పెడుతుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి టెలిఫోన్ సృష్టికర్త గ్రాహం బెల్ ఇలాంటి పరికరమే పట్టుకెళ్లి విఫలమయ్యాడు. పరుపు కింద ఉక్కు స్ప్రింగులు లెక్కను తప్పించాయి. రెండో ప్రపంచయుద్ధంలో పోలండు అధికారి యూజెఫ్ కొసాట్‌స్కీ తయారుచేసిన మందుపాతరల డిటెక్టర్లు 1942లో ఎల్ అలమైన్ ఎడారిలో దారులు తెరిచాయి. యుద్ధం ముగిశాక మిగిలిన పరికరాలు జనం చేతుల్లో పడ్డాయి, ట్రాన్సిస్టర్ వచ్చాక తేలికై చవకయ్యాయి, సరదా పుట్టింది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటే. మామూలు డిటెక్టర్ ఒక నాణేన్ని జానెడు, మహా అయితే మరికాస్త లోతులో పట్టుకుంటుంది. అంటే నాగలి కర్రు దిగే లోతు దాకా. ‘పది నిలువుల లోతున నిధి చూపించే యంత్రం’ అని అమ్మేవాడు అమ్ముతున్నది యంత్రాన్ని కాదు, కొనేవాడి ఆశను.

ఇంగ్లండులో 1992 నవంబరు 16న సఫోక్ జిల్లా హాక్స్‌నీ అనే పల్లెలో ఎరిక్ లాస్ అనే విశ్రాంత తోటమాలి పొలంలోకి దిగింది నిధి కోసం కాదు. రైతు పోగొట్టుకున్న సుత్తి వెతకడానికి. యంత్రం కూసిన చోట తవ్వితే వెండి చెంచాలు, బంగారు నాణేలు బయటపడ్డాయి. లాస్ కాసేపు తవ్వి, ఉన్నదేమిటో అర్థమయ్యాక ఆగిపోయాడు. పోలీసులకూ స్థానిక అధికారులకూ కబురు పంపాడు. మర్నాడు పురావస్తు నిపుణులు వచ్చి మట్టిని పొరపొరగా తీశారు. అందువల్ల తెలిసిందేమిటంటే, అది విసిరిపారేసిన కుప్ప కాదు, ఓక్ చెక్క పెట్టెలో పొందిగ్గా సర్దిన ఇంటి సంపద. పెట్టె కుళ్లిపోయి మట్టిలో కలిసిపోయినా సామాను ఉన్న తీరు దాని ఆకారాన్ని నిలబెట్టింది. ఏది ఏ మూల ఉందో, ఏది దేని మీద పేర్చారో గీసుకోగలిగారు. మొత్తం 14,865 నాణేలు, దాదాపు 200 వెండి, బంగారు వస్తువులు. వాటిలో మహారాణి రూపంలో చేసిన వెండి మిరియాల డబ్బీ ఒకటి. ఆ డబ్బీలో పోసుకున్న మిరియాలు ఎక్కడివంటే జవాబు మన మలబారు తీరం వైపు చూపిస్తుంది. రోమన్ల బంగారం, వెండి ఇటు వచ్చినందుకు సాక్ష్యాలు నల్గొండ అక్కనపల్లి నుంచి నాగార్జునకొండ దాకా నాణేలై దొరికాయి. సరుకు అటు వెళ్లినందుకు సాక్ష్యం ఆ డబ్బీ. ప్రభుత్వం లాస్‌కు 17.5 లక్షల పౌండ్లు ఇచ్చింది. అప్పటి నియమం ప్రకారం అదంతా దొరికినవాడిదే అయినా లాస్ రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. దాన్నీ బ్రిటిష్ మ్యూజియం తీసుకుంది.

ఇదే దేశంలో ఇదే యంత్రంతో 2015లో జరిగిన ఇంకో కథ చూడండి. హెరెఫర్డ్‌షైర్‌లో లెమ్‌స్టర్ పట్టణం దగ్గర ఇద్దరు వైకింగుల కాలపు నిధిని కనుక్కున్నారు. చెప్పలేదు. నాణేలను విడివిడిగా దళారులకు అమ్మేశారు. ఫోనులోంచి చెరిపేసిన ఫోటోలను పోలీసులు తిరిగి రాబట్టి చూస్తే, అక్కడ 300 దాకా నాణేలు ఉండి ఉంటాయని తేలింది. చేతికొచ్చినవి కొన్ని పదులే. ఆ కొన్నింటిలోనే ఇద్దరు రాజులు, వెసెక్స్ ఆల్‌ఫ్రెడ్, మెర్సియా చీల్‌వుల్ఫ్, ఒకే రకం నాణేలు వేయించిన ఆనవాళ్లున్నాయి. ఆల్‌ఫ్రెడ్ ఆస్థానం తరఫున రాసిన చరిత్ర చీల్‌వుల్ఫ్‌ను వైకింగుల చేతిలో కీలుబొమ్మ అని తీసిపారేసింది. నాణేలేమో ఇద్దరూ సమాన మిత్రులంటున్నాయి. మిగతా నాణేలు, అవి ఉన్న వరస దొరికి ఉంటే ఆ మైత్రి ఎప్పుడు మొదలైందో, ఎన్నాళ్లు సాగిందో ఇంకా గట్టిగా చెప్పగలిగేవారు. 2019లో ఆ ఇద్దరికీ కోర్టు ఏళ్లకేళ్ల జైలుశిక్ష వేసింది. చట్టప్రకారం చెప్పి ఉంటే లక్షల పౌండ్ల వాటా వచ్చేది. ఆశపోతుతనం అక్కడా ఉంది, మన దగ్గర ఉన్నంతా ఉంది. కాకపోతే అక్కడ చెప్పడం లాభసాటి బేరం, దాచడం నష్టపు బేరం. తెలివైన ఆశపోతు అయినా చెప్పడమే ఎంచుకుంటాడు.

ఆ బేరం అక్కడ రాత్రికి రాత్రి కుదరలేదు. 1980లో అక్కడి పురావస్తు సంఘాలు ‘మన గతాన్ని దోచుకోవడం ఆపండి’ అంటూ డిటెక్టర్ల మీద ఉద్యమమే నడిపాయి. వాడేవాళ్లంతా దొంగలన్నట్టు మాట్లాడారు. దాంతో వాళ్లు తమకు దొరికినవి చూపించడం మానుకున్నారు. ఒక్క నార్‌ఫోక్‌లో మ్యూజియంవాళ్లు మాత్రం క్లబ్బులకు వెళ్లి, తెచ్చినవి తెచ్చినట్టు రాసుకుని తిరిగిచ్చేసేవారు. అక్కడ సమాచారం కుప్పలుగా పోగుపడింది. ఈలోగా సరే జిల్లా వాన్‌బరో దగ్గర రోమన్ కాలపు గుడి స్థలాన్ని రాత్రిళ్లు దొంగలు గుల్ల చేశారు, వేల నాణేలు మాయమయ్యాయి. పాత చట్టం వాళ్లను గట్టిగా పట్టలేకపోయింది. దాచినవాడు మళ్లీ తీసుకునే ఉద్దేశంతోనే దాచాడని నిరూపిస్తే తప్ప అది నిధి కిందికి రాదని ఆ మధ్యయుగపు నియమం. పదహారు వందల ఏళ్ల కిందటి మనిషి ఉద్దేశాన్ని కోర్టులో నిరూపించడమంటే ప్రశ్నజ్యోతిషమే. ఈ దెబ్బలన్నీ తిన్నాక 1996లో కొత్త చట్టం వచ్చింది. బంగారం, వెండి వస్తువులు, నాణేల గుట్టలు 300 ఏళ్లు దాటినవైతే 14 రోజుల్లో తెలపాలి. మ్యూజియం తీసుకుంటే బజారు ధర కడతారు, దాన్ని మామూలుగా దొరికినవాడూ భూమి యజమానీ చెరిసగం పంచుకుంటారు. అనుమతి లేకుండా తవ్వినవాడికి కోత పడుతుంది, ఒక్కోసారి ఏమీ దక్కదు. చెప్పనందుకు శిక్ష మూడు నెలలు మాత్రమే. మన 1878 చట్టం వేసే శిక్ష దానికి నాలుగింతలు! పెద్ద శిక్ష ఉన్నచోట జనం చెప్పడం లేదు, చిన్న శిక్ష ఉన్నచోట ఏటా వెయ్యికి పైగా నిధుల కబుర్లు వస్తున్నాయి. మనిషిని కదిలిస్తున్నది శిక్ష కాదని ఇంతకంటే రుజువేం కావాలి?

చట్టంతో పాటు 1997లో వాళ్లు ఇంకో పని మొదలుపెట్టారు. నా దృష్టిలో చట్టం కన్నా అదే ముఖ్యం. నిధి కిందికి రాని సామాన్య వస్తువులను, అంటే కంచు గుండీ, ఇత్తడి కొక్కెం, సీసపు బిళ్ల వంటివాటిని, ఎవరు తెచ్చినా చూసి, కొలిచి, ఫోటో తీసి, దొరికిన చోటు రాసుకుని తిరిగిచ్చేసే ఉద్యోగులను జిల్లాల వారీగా నియమించారు. మొత్తం దేశానికి 40 మంది చిల్లర. బ్రిటిష్ మ్యూజియం పర్యవేక్షణలో నడిచే ఆ జాబితాలో 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి, వాటిలో అత్యధిక భాగం డిటెక్టర్ సరదారాయుళ్లు తెచ్చినవే. ఒక్కో వస్తువు చూస్తే పనికిరానిది. అన్నింటినీ పటం మీద చుక్కలుగా పెడితే కథ మారుతుంది. లింకన్‌షైర్‌లో టార్క్‌సీ ఊరి పొలాల్లో దొరికిన అరబ్బు వెండి నాణేల ముక్కలు, తూకపు రాళ్లు, ఆటలో వాడే సీసపు పావులు ఒకే ప్రాంతంలో గుమిగూడి కనిపించాయి. వైకింగుల మహాసైన్యం 872-73 చలికాలంలో విడిది చేసిందని చరిత్ర రాసిన చోటు కచ్చితంగా ఎక్కడో అలా తేలింది. సీసపు పావుకు బజారులో ధరెంత? ఆ పొలంలో, ఆ గుంపులో అదొక సైనికుడి సాయంత్రం.

ఇప్పుడు మన నేలకు వద్దాం. దొరికిన చోటు పోతే ఏం పోతుందో అమరావతి కన్నా బాగా చెప్పగల ఊరు మనకు లేదు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త రాజధాని కట్టుకుంటూ రాళ్ల కోసం, ఇటుకల కోసం ‘దీపాలదిన్నె’ అని పిలిచే మట్టిగుట్టను తవ్వించాడు. నిధి ఉంటుందన్న ఆశా తోడైంది. ఆ గుట్టే మహాచైత్యం. 1797లో కర్నల్ మెకంజీ చూసేటప్పటికే శిల్పాల పలకలు ఊరి కట్టడాల్లోకి నడిచిపోతున్నాయి. 1816లో మళ్లీ వచ్చేసరికి స్తూపం నడుమ భాగం చెరువు గుంటలా ఉంది. పాపమంతా జమీందారుదే అనుకుంటే పొరపాటు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వి శిల్పాలను మద్రాసు పంపాడు, వందకు పైగా పలకలు 1859లో లండన్ చేరాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో మిగిలిన దిబ్బనంతా ఒక్కసారిగా తోడేశారు. ఏ పలక ఏ వైపు ఉండేదో, ఏ కాలపు పొర మీద ఏది నిలిచిందో రాసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఈనాడు అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయి, చెన్నైలో ఉన్నాయి, కొన్ని ఊళ్లోనూ ఉన్నాయి. రాళ్లున్నాయి, స్తూపమే లేదు. దాని ఆకృతిని మెకంజీ మనుషులు గీసిన పటాల నుంచి, పలకల మీద శిల్పులే చెక్కిన బుల్లి స్తూపాల నుంచి పండితులు ఊహించుకోవలసి వచ్చింది. జమీందారుకు బంగారం కావాలి, దొరలకు బొమ్మలు కావాలి. చోటు ఎవరికీ అక్కరలేదు.

దీనికి ఎదురు ఉదాహరణా మన దగ్గరే ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాల దిబ్బ మీద వానలకు పైకి తేలిన నాణేలను సంగనభట్ల నరహరి శర్మ అనే స్థానిక ఔత్సాహికుడు ఓపికగా ఏరి పెట్టాడు. యంత్రం లేదు, కళ్లే ఆధారం. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి లోకానికి చూపించారు. గోభద, నారన, సమగోప లాంటి పేర్లు, పురాణాల్లో ఎక్కడా వినపడనివి, నాణేల మీద బయటపడ్డాయి. శాతవాహన వంశ మూలపురుషుడిగా చెప్పే చిముకుడి నాణేలూ కనిపించాయి. శాతవాహనులు మొదట ఏ గడ్డ మీద తలెత్తారన్న వాదానికి తెలంగాణ వైపు నుంచి నిలబడే గట్టి సాక్ష్యం ఇదే. ఆ సాక్ష్యానికున్న బలం లోహంలో లేదు. శాతవాహన నాణేల్లో అధికభాగం సీసం, రాగి, నాసిరకం మిశ్రమ లోహం. అవే నాణేలు పాతబస్తీలో ఏ దళారి గల్లాపెట్టెలోనో, ఎక్కడివో తెలియకుండా దొరికి ఉంటే ఎవరి వాదానికీ అక్కరకొచ్చేవి కావు. ‘కోటిలింగాలలో దొరికాయి’ అన్న రెండు మాటలే వాటి విలువ.

ఆ రెండు మాటలకు మన చట్టం ఎంత కడుతుంది? 1878 చట్టం ప్రకారం ప్రభుత్వం నిక్షేపాన్ని తీసుకోదలిస్తే అందులోని పదార్థం విలువ, దానిపై అయిదో వంతు కలిపి ఇస్తే చాలు. బంగారు బిందె అయితే సరే. కొన్ని గ్రాముల సీసం నాణేనికి ఈ లెక్క వేస్తే కలెక్టరేటుకు వెళ్లడానికి బస్సు చార్జీ కూడా రాదు. ఈ చట్టం బ్రిటిష్ ఇండియా కోసం రాసుకున్నది, అప్పటి నిజాం రాజ్యానికి వర్తించలేదు, నిజమే. కానీ దాని వెనకున్న తూకపు బుద్ధి రెండు చోట్లా ఒకటే. తమాషా ఏమిటంటే వాటాల విషయంలో ఈ చట్టం ఇంగ్లండు కన్నా ఉదారం. సొంతదారు తేలని నిధి అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పావు, భూమి యజమానికి పావు. అయితే ఆ ముప్పావు చేతికి రావాలంటే ముందు కలెక్టరు ప్రకటన వేయాలి, హక్కుదారులు రావడానికి నాలుగు నుంచి ఆరు నెలల గడువివ్వాలి, తగాదా వస్తే సివిల్ కోర్టు. కూలి మానుకుని ఇన్నిసార్లు తిరగగలవాడు ఎవరు?

అసలు మన దగ్గర దొరికేది ఎవరికో ఆలోచిస్తే ఈ ప్రశ్న ఎంత బరువైందో తెలుస్తుంది. ఇంగ్లండులో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సరదారాయుడికి. మన దగ్గర ఇంటి పునాది తీసే మేస్త్రీకి, చెరువులో పూడిక తీసే ఉపాధి కూలీకి, చేను చదును చేసే జేసీబీ డ్రైవరుకు. పాత ఊళ్లు శిథిలమై మిగిలిన పాటిదిబ్బల మీది బూడిదరంగు మట్టి సత్తువైన ఎరువని తరతరాలుగా బండ్ల మీద తోలుకుపోయి పొలాల్లో చల్లారు. పాటిమన్నుతో పాటు పూసలు, పెంకులు, నాణేలు ఊరి పొలమంతా చెదిరిపోయాయి. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక వందేళ్లలో పోయేది పదేళ్లలో పోతోంది. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో స్థలం చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న లోహపు పాత్ర బయటపడింది. జనం మూగారు, కొబ్బరికాయలు కొట్టారు, అధికారులు వచ్చి స్వాధీనం చేసుకున్నారు. అది బంగారం కనక వార్తయింది. అదే రోజు రెండు రాష్ట్రాల్లో ఎన్ని పునాది గుంటల్లో ఎన్ని పెంకులు, ఎన్ని సీసపు బిళ్లలు మళ్లీ మట్టిలోకి తోసేశారో ఎవరు లెక్కపెట్టారు? కర్నూలు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో ఏటా తొలకరి పడగానే వజ్రాల వేట మొదలవుతుంది. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వంచిన నడుం ఎత్తకుండా వెతుకుతారు. రాయి దొరికితే వ్యాపారి గుట్టుగా కొనేస్తాడు. వెంటనే డబ్బు, అడిగేవాడు లేడు. ప్రభుత్వం దారి పొడుగు, వ్యాపారి దారి దగ్గర. ఏ దారిన పోతారో వేరే చెప్పాలా?

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. మన దగ్గర నిధి పిచ్చి ఇప్పటికే ముదిరింది. నంది పొట్టలో వజ్రాలున్నాయని నందులను పగలగొడుతున్నారు, రాకాసిగుళ్లనే ప్రాచీన రాతి సమాధులను పెకలిస్తున్నారు, మంత్రగాళ్ల మాట విని బలులిచ్చిన కేసులూ వచ్చాయి. ఇలాంటి చోట బహుమానం అన్న మాట ఎత్తితే అగ్నికి ఆజ్యం పోసినట్టే కదా? భయం న్యాయమైనదే. కానీ నంది పొట్ట చీల్చినవాడు బహుమానం కోసం చేయలేదు, అసలు బహుమానం ఉందని కూడా తెలియని నేలలోనే చేశాడు. వాడి నమ్మకం ఖజానా మీద కాదు, కట్టుకథ మీద. ఆ కట్టుకథకు ప్రభుత్వాలే గొడుగు పట్టిన సందర్భాలున్నాయి. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ డౌండియాఖేడాలో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనపడిందంటే భారత పురావస్తు శాఖే తవ్వకానికి దిగింది. బంగారం రాలేదు, పెంకులు, గాజుముక్కలు వచ్చాయి. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల కళ్లముందే నిధి వేట సాగింది. అక్కడా బంగారం లేదు. రాజ్యమే లంకెబిందెలను నమ్ముతున్నప్పుడు గ్రామస్థుడిని ఏమని తప్పుపడతాం? నేను అడిగే బహుమానానికి షరతు ఉంది. వెతికినందుకు పైసా లేదు. అనుకోకుండా తగిలినప్పుడు తవ్వకం ఆపి, కదపకుండా కబురు చేసినందుకే డబ్బు. గుడిలో, కోటలో, రక్షిత స్థలంలో తవ్వినవాడికి బహుమానం లేదు, కేసే. అలాంటి షరతు నంది పొట్టకు రక్షణే.

పురావస్తు శాస్త్రజ్ఞుల అభ్యంతరం ఇంకో రకం. శిక్షణ లేనివాడు తీసిన వస్తువు సగం చచ్చినట్టే, ఇంగ్లండు నమూనా దోపిడీకి మర్యాదైన పేరు అని కొందరి మాట. ఐర్లండు ఆ దారినే పోయింది. 1980లో డెరినాఫ్లాన్ అనే ప్రాచీన మఠస్థలంలో డిటెక్టరుతో వెండి పూజాపాత్రలు బయటపడి తగాదా కోర్టుకెక్కాక, అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడకాన్నే నిషేధించింది. ఇంగ్లండులోనూ కన్నాలున్నాయి. 2010లో క్రాస్‌బీ గారెట్‌లో దొరికిన అద్భుతమైన రోమన్ శిరస్త్రాణం కంచుది కాబట్టి చట్టం పట్టులోకి రాలేదు, వేలంలో 20 లక్షల పౌండ్లకు పైగా పలికి ప్రైవేటు చేతుల్లోకి పోయింది. ఆ కన్నం పూడ్చడానికి 2023 దాకా పట్టింది. లోహాన్ని బట్టి తూచే బుద్ధి అక్కడా పూర్తిగా చావలేదన్నమాట. 2009లో స్టాఫర్డ్‌షైర్ నిధి దొరికినప్పుడు కూడా, కబురు పంపేలోపు దొరికినవాడు అయిదు రోజులు సొంతంగా తవ్వాడు. ఇవన్నీ ఒప్పుకుంటాను. తెలుగు నేలకు నేనూ ఐర్లండు నిషేధాన్నే ఎంచుకుంటాను. పాటిదిబ్బలు, రాకాసిగుళ్లు ఊరూరా ఉన్న చోట సరదా డిటెక్టర్లకు తలుపు తీయకూడదు. అయితే నిషేధం కూలీ గడ్డపారను ఆపలేదు. ఆపకూడదు కూడా; ఇళ్లు కట్టాలి, చెరువులు తవ్వాలి. పునాది గుంటలో కుండ తగిలాక ఏం జరగాలన్న ప్రశ్నకు నిషేధం దగ్గర జవాబు లేదు. ఆ జవాబు ఇంగ్లండు దగ్గర, డెన్మార్క్ దగ్గర ఉంది. డెన్మార్కులో విలువైన ప్రాచీన వస్తువు ఎవరికి దొరికినా రాజ్యానిదే, దొరికినవాడికి మాత్రం జాతీయ మ్యూజియం డబ్బిస్తుంది, జాగ్రత్తగా తీసినందుకు అదనంగా ఇస్తుంది. 2020 చివర్లో విండెలెవ్‌లో ఒక కొత్త సరదారాయుడికి దొరికిన బంగారు బిళ్లల్లో ఒకదాని మీద ఓడిన్ దేవుడి పేరు, ఇంతవరకు తెలిసిన అన్నింటికన్నా పాతది, చదవగలిగారు.

డబ్బెక్కడిది అంటారా. ఇంగ్లండు జాబితాలోని 15 లక్షల వస్తువుల్లో బహుమానం ఇచ్చినవి అతి కొద్ది. మిగతావి రాసుకుని తిరిగిచ్చినవే. ఖర్చయ్యేది బంగారానికి కాదు, జిల్లాకో చదువుకున్న మనిషికి, ఒక త్రాసుకు, ఒక కెమెరాకు. మన దగ్గర చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివి ఉద్యోగం లేక తిరుగుతున్న యువకులు తక్కువా? ఆ మనిషి ఉపాధి హామీ పని జరిగే చోటికి, పునాదులు తీసే చోటికి వెళ్లాలి. మేస్త్రీకి, జేసీబీ డ్రైవరుకు తన ఫోను నంబరివ్వాలి. తెచ్చినవాడిని ‘ఎక్కడ దొంగిలించావు’ అని కాక ‘ఏ గట్టు పక్కన, ఎంత లోతున’ అని అడగాలి. ఇక చట్టంలో మార్చవలసినవి మూడే. పదార్థం విలువ అన్న చోట చారిత్రక విలువ అని రాయాలి, ఎక్కడ దొరికిందో కచ్చితంగా చూపించినందుకు వేరే మొత్తం కట్టాలి. పని ఆగినన్నాళ్లు కూలీకి కూలి, ఇల్లు కట్టుకునేవాడికి నష్టం ఇవ్వాలి. అది లేకపోతే కుండ కనపడగానే మట్టి కప్పేయమని యజమానే చెబుతాడు, చెప్పడంలో తప్పూ లేదు.

చట్టం ఎప్పుడు మారుతుందో గానీ, ఈలోగా మీ ఇంటి పునాదిలోనో మీ చేలోనో కుండ తగిలితే గడ్డపార పక్కన పెట్టండి. దాన్ని బయటికి లాగకండి, కడగకండి, పసుపు రాయకండి. ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపుల నుంచీ ఫోనులో ఫోటోలు తీయండి, పక్కన ఏదైనా స్కేలు పెట్టి లోతు కొలవండి, ఆ చోటును ఫోను పటంలో గుర్తు పెట్టుకోండి. తర్వాత తహసీల్దారుకూ కలెక్టరుకూ కాగితం మీద రాసిచ్చి, అందినట్టు రశీదు తీసుకోండి. కుండలో ఉన్నది సీసం బిళ్లలే అయినా సరే.